ఫిట్‌నెస్‌ని ఎలా నిర్వచించాలి, ఎలా కొలవాలి: ఎవల్యూషన్ చదివేవాళ్లకి పూర్తి గైడ్

ఫిట్‌నెస్ అనగానే కండలు, పరుగు, ఆరోగ్యం ఇవే గుర్తొస్తాయి, ఎవల్యూషన్ కొత్తగా చదివేవాళ్లు కూడా ఇదే ఊహతో మొదలుపెడతారు, చిక్కంతా అక్కడే. కంచరగాడిదని చూడండి. బరువు బాగా మోస్తుంది, గట్టి పిండం, చాలాకాలం బతుకుతుంది, కానీ పిల్లలు పుట్టడం అన్నది దాదాపు జరగదు, కాబట్టి ఎవల్యూషన్ లెక్కలో దాని ఫిట్‌నెస్ సున్నా కింద లెక్క. అదే ఒక్కరోజు ఎగిరి చచ్చిపోయే ఈసురోమని ఉండే పురుగు, ఆ ఒక్కరోజులోనే వేల గుడ్లు పెట్టిందంటే దాని లెక్క వేరు.

"సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్" అన్న మాట డార్విన్ పుట్టించింది కాదు, 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ వాడాడు, డార్విన్ 1869లో తన పుస్తకం అయిదో ఎడిషన్‌లోకి తీసుకున్నాడు. ఆ మాట వల్ల ఒక నష్టం జరిగింది, అందరి దృష్టీ బతకడం మీదే పడింది, పిల్లల్ని కనడం అన్న సగం వెనక్కి పోయింది.

నేను చెప్పదల్చుకున్నది ఒకటే. ఫిట్‌నెస్ అనేది ఒంట్లో ఎక్కడో ఉండే గుణం కాదు, బరువులా త్రాసు మీద పెట్టి చూసేది కాదు. అది ఒక ప్రశ్నకి జవాబు. ప్రశ్న సరిగ్గా రాసుకోకుండా కొలిస్తే ఏదో ఒక అంకె వస్తుంది, కానీ అది దేనికి జవాబో మీకే తెలీదు. అందుకే కింద చెప్పేవి వరసగా చెయ్యండి.

మొదటి అడుగు: ప్రశ్నని ఒక వాక్యంలో రాయండి

కాగితం మీద నిజంగా రాయండి. ఎవరి ఫిట్‌నెస్ (ఒక జంతువుదా, ఒక జీనోటైప్‌దా అంటే ఒక రకం జన్యువుల కూర్పుదా, ఒక లక్షణానిదా), ఏ దశ నుంచి ఏ దశ దాకా, ఏ వాతావరణంలో అంటే చుట్టూ ఎలాంటి పరిస్థితుల్లో, ఎవరితో పోల్చి. ఈ నాలుగింట్లో ఒక్కటి వదిలేసినా తర్వాత ఎక్కడో తేడా కొడుతుంది.

ఇక్కడే పాత ఇరకాటం ఒకటుంది. "ఎవరు ఫిట్? బతికి పిల్లల్ని కన్నవాళ్లు. ఎవరు బతికి పిల్లల్ని కంటారు? ఫిట్‌గా ఉన్నవాళ్లు." ఇది గుండ్రంగా తిరిగే మాట కదా, ఇందులో సైన్స్ ఏముంది అని చాలామంది అడిగారు, న్యాయమైన ప్రశ్నే. దీనికి 1979లో సుసాన్ మిల్స్, జాన్ బీటీ ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ బాగా పనికొస్తుంది: ఫిట్‌నెస్ అంటే నిజంగా ఎంతమంది పుట్టారు అన్నది కాదు, ఎంతమంది పుట్టే మొగ్గు ఉంది అన్నది. ఒకే మొక్క నుంచి అచ్చంగా ఒకేలాంటి జన్యువులున్న రెండు విత్తనాలు రాలాయనుకోండి, ఒకటి రాతి మీద పడి ఎండిపోయింది, ఇంకోటి తడిమట్టిలో పడి మొలిచింది. వాటి ఫిట్‌నెస్ ఒకటే, అదృష్టం వేరు. నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏడుసార్లు బొమ్మ పడొచ్చు, అంతమాత్రాన నాణెంలో వంకర ఉన్నట్టు కాదు.

దీని వల్ల పనిలో ఏం మారుతుందంటే, మీరు లెక్కపెట్టిన పిల్లల సంఖ్య ఫిట్‌నెస్ కాదు, ఫిట్‌నెస్‌కి ఒక అంచనా మాత్రమే. అంచనా అన్నాక తప్పొప్పుల హద్దులు కూడా చెప్పాలి, ఒక్క జంతువుని చూసి చెప్పేది అంచనా కూడా కాదు.

రెండో అడుగు: అబ్సల్యూటా, రిలేటివా

అబ్సల్యూట్ ఫిట్‌నెస్ అంటే ఒక జీనోటైప్ ఒక తరంలో సగటున ఎన్ని రెట్లు అవుతోంది అన్నది. అది 1 కంటే ఎక్కువైతే పెరుగుతోంది, తక్కువైతే తరిగిపోతోంది. ఒక జాతి అంతరించిపోతుందా లేదా అన్నదే మీ ప్రశ్న అయితే కావల్సింది ఇదే. ఏ జీనోటైప్ ఏ జీనోటైప్‌ని వెనక్కి నెడుతుంది అన్నదైతే రిలేటివ్ ఫిట్‌నెస్ చాలు, అంటే సాపేక్షంగా.

ఇక్కడ జాగ్రత్త. దేనితో భాగించాలి అన్నదానికి రెండు అలవాట్లున్నాయి, రెండూ "రిలేటివ్ ఫిట్‌నెస్" అనే పేరుతోనే తిరుగుతుంటాయి. పాపులేషన్ జెనెటిక్స్ వాళ్లు అన్నిటికంటే మెరుగైన జీనోటైప్‌తో భాగిస్తారు, దానికి 1 వస్తుంది, మిగతావాటికి 1లోంచి ఎంత తగ్గిందో అది సెలక్షన్ కోఎఫిషియెంట్. ఫీల్డ్‌లో లక్షణాలు కొలిచేవాళ్లు పాపులేషన్ సగటుతో భాగిస్తారు. రెండు పేపర్లలోంచి అంకెలు తీసి పక్కపక్కన పెట్టేముందు ఇది చూసుకోకపోతే పోలిక మొత్తం పాడవుతుంది.

ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు ఉదాహరణ తీసుకుందాం. మలేరియా ఉన్నచోట ఆ సికిల్ జన్యువు ఒక్క కాపీ ఉన్నవాళ్లకి రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. లెక్క అర్థం కావడానికి అంకెలు మనమే పెట్టుకుందాం: ఒక్క కాపీ ఉన్నవాళ్లది 1, అసలు లేనివాళ్లది 0.9, రెండు కాపీలున్నవాళ్లది 0.2. అంటే నష్టాలు 0.1, 0.8. ఆ సికిల్ జన్యువు ఏ స్థాయిలో నిలబడుతుందంటే 0.1ని (0.1 + 0.8)తో భాగిస్తే వచ్చేది, సుమారు 0.11. అంత ఘోరమైన జబ్బు తెచ్చే జన్యువు కూడా ఎందుకు పోకుండా ఉంటుందో ఈ ఒక్క భాగహారం చెప్తుంది. మలేరియా లేనిచోట అదే జన్యువు లెక్క పూర్తిగా మారిపోతుంది, అందుకే వాతావరణం చెప్పకుండా ఫిట్‌నెస్ చెప్పకూడదని ఇందాక అన్నది.

మూడో అడుగు: ఎంతమంది అన్నదే కాదు, ఎప్పుడు అన్నది కూడా

జీవితకాలంలో కన్న పిల్లల మొత్తం సంఖ్యని ఫిట్‌నెస్‌గా తీసుకోవడం చాలా మామూలు పద్ధతి, చాలాచోట్ల సరిపోతుంది కూడా. కానీ ఇది చూడండి. ఒక రకం ఆడజీవి ఏడాది వయసులో 2 ఆడపిల్లల్ని కని చనిపోతుంది. ఇంకో రకం రెండేళ్ల వయసులో 3 ఆడపిల్లల్ని కని చనిపోతుంది. మొత్తం చూస్తే రెండోదే గెలిచింది కదా. కానీ ఆరేళ్లు పోనివ్వండి, మొదటి రకంలో ఒక్కటి 64 అయింది, రెండో రకంలో ఒక్కటి 27 మాత్రమే అయింది. ఏటా ఎన్ని రెట్లు అన్న లెక్కలో మొదటిది 2, రెండోది మూడుకి వర్గమూలం, అంటే 1.73.

ఇలా వయసు వారీ బతికే అవకాశం, వయసు వారీ కాన్పులు కలిపి పెరుగుదల రేటు తీసే సమీకరణం ఆయిలర్, లోట్కాల పేరు మీద ఉంది, ఆ రేటునే ఫిషర్ 1930లో మాల్తూసియన్ పారామీటర్ అన్నాడు. పాపులేషన్ పెరుగుతూ ఉంటే ఈ రేటే వాడండి. పాపులేషన్ పెద్దగా పెరగకుండా తరగకుండా ఉంటే తొందరగా కనడం వల్ల వచ్చే లాభం చాలావరకు పోతుంది, అప్పుడు జీవితకాల మొత్తమే దగ్గరగా ఉంటుంది. పిల్లలు చిన్నప్పుడే రద్దీ వల్ల చచ్చిపోతున్నారా, పెద్దయ్యాక తిండి చాలక చచ్చిపోతున్నారా అన్నదాన్ని బట్టి కూడా ఇది మారుతుంది, కాబట్టి మీ జీవి బతుకు తెలుసుకోకుండా ఫార్ములా ఎంచుకోవద్దు.

నాలుగో అడుగు: చెడ్డ ఏళ్లని లెక్కలోకి తీసుకోండి

నా దృష్టిలో ఎక్కువమంది పొరపాటుపడేది ఇక్కడే. ఏడాదికో రకంగా వాతావరణం మారుతుంటే మామూలు సగటు తీయకూడదు, గుణమధ్యమం (అంకెల్ని గుణించి మూలం తీసే సగటు, జామెట్రిక్ మీన్) తీయాలి, ఎందుకంటే తరాలు ఒకదాని మీద ఒకటి గుణించుకుంటూ పోతాయి, కూడుకుంటూ కాదు.

ఒక రకం మంచి ఏడాది 3 రెట్లు అవుతుంది, చెడ్డ ఏడాది 0.3కి పడిపోతుంది. సగటు 1.65, చూడ్డానికి అద్భుతం. ఇంకో రకం మంచి ఏడాది 1.2, చెడ్డ ఏడాది 1. సగటు 1.1 మాత్రమే. రెండిటినీ వెయ్యితో మొదలుపెట్టి పదేళ్లు, అయిదు మంచివి అయిదు చెడ్డవి, గడవనివ్వండి. మొదటిది 590కి దిగిపోతుంది, రెండోది 2488కి చేరుతుంది. ఎడారి మొక్కల విత్తనాలు అన్నీ ఒకే ఏడాది మొలవకుండా కొన్ని మట్టిలోనే ఎందుకు ఉండిపోతాయి అన్నదానికి 1966లో డాన్ కోహెన్ చూపించిన వివరణ వెనక ఉన్నది ఈ లెక్కే. ఒక్క ఏడాది సున్నా పడిందంటే ఎన్ని మంచి ఏళ్లున్నా లబ్ధం సున్నానే, మొలవకుండా మిగిలిన విత్తనమే ఆ వంశాన్ని నిలబెడుతుంది.

కాబట్టి ఒక్క సీజన్ డేటాతో ఫలానా రకం ఫిట్ అని రాయకండి.

అయిదో అడుగు: ల్యాబ్‌లో పోటీ పెట్టి కొలవడం

బ్యాక్టీరియా, ఈస్ట్ లాంటివాటికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. గ్రోత్ కర్వ్ తీసి ఎవరు వేగంగా పెరిగారో చూస్తే సరిపోదా అంటే, కొంతవరకే. కొత్త మీడియంలో (అవి పెరగడానికి ఇచ్చే తిండి ద్రవంలో) పడ్డాక పెరగడం మొదలెట్టడానికి పట్టే టైమ్, పెరిగే వేగం, తిండి అయిపోయాక తట్టుకోవడం ఇవన్నీ కలిస్తేనే గెలుపు, గ్రోత్ రేటు అందులో ఒక ముక్క. ఒకే ఫ్లాస్కులో రెండింటినీ కలిపి వదిలితే ఇవన్నీ వాటంతటవే లెక్కలోకి వచ్చేస్తాయి.

రిచర్డ్ లెన్‌స్కీ 1988 ఫిబ్రవరిలో 12 ఈ.కోలై బ్యాక్టీరియా పాపులేషన్లతో మొదలుపెట్టిన దీర్ఘకాల ప్రయోగంలో వాడిన పద్ధతి ఇప్పటికీ నేర్చుకోదగ్గది. రెండు రకాలున్నాయి, ఒకటి అరబినోజ్ అనే చక్కెరని వాడుకోగలదు, ఇంకోటి వాడుకోలేదు. టెట్రాజోలియం కలిపిన అరబినోజ్ ప్లేటు మీద పరిస్తే వాడుకోలేనిది ఎర్ర కాలనీలు ఇస్తుంది, వాడుకోగలిగేది లేతగా తెల్లగా ఉంటుంది (మొదటిసారి చూసేవాళ్లు ఉల్టాగా అనుకుంటారు, నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసి పెట్టుకోండి). రెండు రంగులు లెక్కపెడితే రెండు రకాలు ఎన్నున్నాయో తెలిసిపోతుంది.

పని ఇలా సాగుతుంది. ముందు రోజు రెండింటినీ విడివిడిగా, పోటీ పెట్టబోయే మీడియంలోనే పెంచండి, ఇది ఎగ్గొట్టొద్దు, ఫ్రీజర్‌లోంచి నేరుగా తెచ్చి కలిపితే ఎవరు ముందు తేరుకున్నారో కొలుస్తున్నట్టు అవుతుంది. తర్వాత రెండింటినీ సమానంగా, మొత్తం వందోవంతు అయ్యేలా కొత్త మీడియంలో కలపండి. వెంటనే కొంచెం తీసి పలచన చేసి ప్లేటు మీద పరవండి, ఒక రోజు పోయాక మళ్లీ పరవండి.

ఇప్పుడు లెక్క. మొదట్లో మిల్లీలీటర్‌కి చెరి రెండున్నర లక్షలు ఉన్నాయి, రోజు తర్వాత మొదటిది 3 కోట్లు, రెండోది 2 కోట్లు అయ్యాయనుకోండి. మొదటిది 120 రెట్లు, రెండోది 80 రెట్లు. 120 నేచురల్ లాగ్ 4.787, 80ది 4.382. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 1.09, ఇదే రిలేటివ్ ఫిట్‌నెస్. చాలామంది 3 కోట్లని 2 కోట్లతో భాగించేసి 1.5 అంటారు, అది తప్పు, ఎందుకంటే రోజంతా పెరిగిన తేడా మొత్తాన్ని ఒకేసారి కలిపేసిన అంకె అది. రెండు లాగ్‌ల తేడా 0.405, వంద రెట్లు పెరగడానికి 6.64 తరాలు పడతాయి కాబట్టి తరానికి 0.061, ఇది ఇంకో రకం అంకె, సెలక్షన్ రేటు. ఒక రకం పెరగకుండా చచ్చిపోతుంటే భాగహారానికి అర్థం ఉండదు, అప్పుడు ఈ తేడానే వాడాలి. ఏది వాడారో, రోజుకా తరానికా అన్నది తప్పకుండా రాయండి.

ఇలా రెండు రకాల్ని విడిగా గుర్తుపట్టడానికి వాడే తేడాని మార్కర్ అంటారు, దాని విషయంలో నా అనుభవం చెప్తా. చదువుకునే రోజుల్లో రంగు మార్కర్ బదులు యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ మార్కర్ వాడి వరసగా పోటీలు పెట్టా, నా మ్యుటేషన్ వల్ల బాగా నష్టం కనిపించింది, సంతోషంగా గ్రాఫ్ గీసేశా. తర్వాత మ్యుటేషన్ లేకుండా మార్కర్ ఒక్కటే ఉన్న రకాన్ని అసలు రకంతో పోటీ పెడితే దాదాపు అంతే నష్టం వచ్చింది, అంటే నేను కొలిచింది మార్కర్ భారాన్ని. అప్పట్నుంచి ఏ పోటీ పెట్టినా ముందు మార్కర్లకే పోటీ పెడతా, 1కి దగ్గరగా వస్తేనే ముందుకెళ్తా. వీలైతే మార్కర్లు అటుదిటు ఇటుదటు మార్చి కూడా చెయ్యండి.

ప్లేటు మీద 200 కాలనీలు లెక్కపెడితే కేవలం అవకాశం వల్లే 14 అటూఇటూ అవుతుంది, అంటే 7 శాతం. ఒక్క ప్లేటుతో 2 శాతం తేడాని పట్టుకోవాలని చూడటం వృథా శ్రమ. ప్లేట్లు పెంచండి, వేరువేరు ఫ్లాస్కులు పెంచండి, లేదా ఎక్కువ రోజులు నడపండి. ఇప్పుడు డీఎన్ఏ బార్‌కోడ్‌లు పెట్టి ఒకే ఫ్లాస్కులో లక్షల వంశాల్ని ఒకేసారి లెక్కపెడుతున్నారు, 2015లో ఈస్ట్‌లో అయిదు లక్షల దాకా వంశాల్ని ఇలా వెంటాడారు. పద్ధతి కొత్తదే గానీ లోపల ఉన్నది అదే లాగ్ లెక్క.

ఆరో అడుగు: బయట, అడవిలో

ఇక్కడ ఫ్లాస్కు లేదు, ప్లేటు లేదు, ఓపిక ఒక్కటే. స్కాట్లాండ్‌లోని రమ్ దీవిలో ఎర్రజింకల్ని ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి 1970ల నుంచి పుట్టుక, కాన్పు, చావు రాసుకుంటూ వస్తున్నారు, జీవితకాల సంతానం అంటే ఏంటో అలాంటి చోటే నిజంగా తెలుస్తుంది.

మీరు మొదలుపెట్టేముందు ఏ దశలో లెక్కపెడతారో తేల్చుకోండి. శుభ్రమైన పద్ధతి ఏంటంటే పిండం నుంచి పిండం దాకా: ఒక జీవి పిండంగా మొదలైనప్పట్నుంచి దానివల్ల ఏర్పడిన పిండాల దాకా. పెద్దయిన పిల్లల్నే లెక్కపెడితే తేలికే, కానీ ఆ పిల్లలు బతకడంలో వాళ్ల సొంత జన్యువుల పాత్ర కూడా ఉంటుంది, దాన్ని తల్లి ఖాతాలో వేసేస్తాం. ఇంకోటి, ఒక్క పిల్లని కూడా కనకుండా చిన్నప్పుడే పోయినవాటిని లెక్కలో ఉంచండి. అవి కనిపించవు కాబట్టి జారిపోతాయి, అవి జారితే సెలక్షన్ సగం జారిపోయినట్టే. గూట్లో తిండి పెడుతున్న మగపక్షే తండ్రి అని రాసుకోవద్దు, డీఎన్ఏ చూశాక చాలా జాతుల్లో కొన్ని పిల్లల తండ్రి వేరే అని తేలింది.

లక్షణం మీద సెలక్షన్ కొలవడానికి 1983లో రస్సెల్ లాండే, స్టీవన్ ఆర్నాల్డ్ ఇచ్చిన పద్ధతి ఇప్పటికీ అందరూ వాడేది. ఫిట్‌నెస్‌ని సగటుతో భాగించండి, లక్షణంలోంచి దాని సగటు తీసేసి స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించండి, రిగ్రెషన్ (లక్షణం మారితే ఫిట్‌నెస్ ఎంత మారుతుందో చూపే గీత) వెయ్యండి. ఎందుకింత అంటే, గలాపగోస్‌లోని డాఫ్నీ మేజర్ దీవిలో 1977 కరువు చూడండి. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ అక్కడి ఫించ్ పిట్టల్ని కొలుస్తున్నారు. చిన్న మెత్తటి గింజలు అయిపోయాయి, పెద్ద గట్టి గింజలే మిగిలాయి, లావు ముక్కున్న పిట్టలు ఎక్కువగా బతికాయి. కానీ లావు ముక్కున్న పిట్టకి ఒళ్లు కూడా పెద్దదే. ముక్కు వల్ల బతికిందా, ఒళ్లు వల్లా? రెండూ ఒకే రిగ్రెషన్‌లో పెడితే దేని వాటా దానికి విడిగా వస్తుంది, దాన్నే సెలక్షన్ గ్రేడియెంట్ అంటారు. 1983 ఎల్ నినో వర్షాల తర్వాత చిన్న గింజలు విపరీతంగా వచ్చాయి, తర్వాత దిశ తిరగబడి చిన్న ముక్కులకి లాభం వచ్చింది. ఒకే దీవి, ఒకే జాతి, ఏడెనిమిదేళ్ల తేడా.

వంపు కొలిచేటప్పుడు, అంటే మధ్యస్థంగా ఉన్నవాటికి లాభమా అని చూసేటప్పుడు, రిగ్రెషన్‌లో లక్షణం వర్గం ముందు వచ్చే కోఎఫిషియెంట్‌ని రెండుతో గుణించాలి, సాఫ్ట్‌వేర్ ఆ పని చెయ్యదు, ఎంతోమంది మర్చిపోయిన సంగతి ఇది. అలాగే పిల్లల సంఖ్యలో సున్నాలు గుట్టలా ఉంటాయి, మామూలు రిగ్రెషన్ ఇచ్చే పి విలువల్ని నమ్మలేం, ఇలాంటి డేటా కోసమే 2007లో ఆస్టర్ మోడల్స్ అని వచ్చాయి, బతకడం, పూయడం, గింజ కట్టడం ఒకదాని తర్వాత ఒకటి కలిపి చూస్తాయి.

ఏడో అడుగు: చుట్టాల లెక్క

కూలీ తేనెటీగ సాధారణంగా సొంత పిల్లల్ని కనదు, మరి దాని లక్షణాలు ఎలా నిలిచాయి? 1964లో విలియం హామిల్టన్ జవాబు: చుట్టాల్లో కూడా అవే జన్యువుల కాపీలు ఉంటాయి కాబట్టి వాళ్లకి చేసిన సాయాన్ని బంధుత్వంతో గుణించి లెక్కలో వెయ్యాలి. దీన్ని ఇంక్లూసివ్ ఫిట్‌నెస్ అంటారు.

కొలిచేటప్పుడు చేసే తప్పు ఏంటంటే చుట్టాల పిల్లలందర్నీ కలిపేసుకోవడం. పక్షుల గూడు ఒకటి ఊహించుకోండి, అమ్మానాన్నలు ఇద్దరే ఉంటే 3 పిల్లల్ని పెంచగలరు, పెద్ద పిల్ల ఒకటి ఆగి సాయం చేస్తే 5 పెంచారనుకోండి. సాయం వల్ల పెరిగింది 2 మాత్రమే, 5 కాదు. తోబుట్టువుతో బంధుత్వం సగం, కాబట్టి లాభం 1. తను విడిగా వెళ్లి గూడు కడితే సగటున 0.8 పిల్లలు, వాళ్లతో బంధుత్వమూ సగమే, అంటే 0.4. ఆగి సాయం చెయ్యడమే మేలు. 5ని తీసుకుని ఉంటే 2.5 వచ్చేది, సాయం ఎంత చిన్నదైనా మంచిదే అన్న తప్పుడు ముగింపుకి వెళ్లేవాళ్లం. అందుకే సాయం ఉన్న గూళ్లు, లేని గూళ్లు రెండూ చూడాలి, కుదిరితే సాయం చేసేదాన్ని కొన్ని గూళ్ల నుంచి తప్పించి చూడాలి, ఎందుకంటే సాయం దొరికే గూళ్లు ముందే మంచి చోట ఉండొచ్చు.

ఎనిమిదో అడుగు: పక్కన ఎవరున్నారో చూడండి

అమెరికా పశ్చిమ ప్రాంతంలో సైడ్ బ్లాచ్డ్ అనే బల్లి ఉంది, మగవాటిలో గొంతు రంగు మూడు రకాలు. నారింజ గొంతువి దూకుడుగా నీలం గొంతువాటి చోటు లాక్కుంటాయి, పసుపు గొంతువి ఆడవాటిలా మెలిగి నారింజవాటి ఇలాకాలోకి దూరతాయి, నీలంవి కాపలా కాసి పసుపువాటిని తరుముతాయి. 1996లో బ్యారీ సినర్వో, కర్టిస్ లైవ్లీ ఇది ప్రచురించారు. ఇక్కడ "ఏది ఎక్కువ ఫిట్" అన్న ప్రశ్నకి జవాబే లేదు, ఆ ఏడాది ఏ రంగు ఎక్కువుందో చెప్తేనే జవాబు. అలాగే ఒకటి రెండోదాన్ని ఓడించి, రెండోది మూడోదాన్ని ఓడిస్తే మొదటిది మూడోదాన్ని ఓడించి తీరుతుందన్న గ్యారంటీ కూడా లేదు, ప్రతి జతనీ విడిగా పోటీ పెట్టాల్సిందే.

ల్యాబ్‌లో దీన్ని పట్టుకోవడం తేలిక. అదే పోటీని మూడుసార్లు పెట్టండి: మీ రకం నూటికి 1 ఉన్నప్పుడు, 50 ఉన్నప్పుడు, 99 ఉన్నప్పుడు. మూడుసార్లూ ఒకే అంకె వస్తే దాన్ని ఆ వాతావరణంలో ఆ జతకి ఫిట్‌నెస్ అని ధైర్యంగా రాయొచ్చు. తక్కువున్నప్పుడు గెలిచి ఎక్కువున్నప్పుడు ఓడితే ఒక్క అంకె ఇవ్వకండి, గీతే గీసి ఇవ్వండి, ఆ గీత 1ని దాటే చోటే రెండూ కలిసి నిలిచే నిష్పత్తి. అప్పుడు ముఖ్యంగా చూడాల్సింది నూటికి 1 దగ్గరి అంకె, దాన్ని ఇన్వేజన్ ఫిట్‌నెస్ అంటారు, కొత్తగా పుట్టిన మ్యుటెంట్ ఎప్పుడూ అలా ఒంటరిగానే మొదలవుతుంది, దాని చుట్టూ ఉన్నవన్నీ పాతవే.